కానుగ రెమ్మకు మాటు వేయడం

బెంగళూరు బానస్వాడిలో మా ఇంటి ముందు ఒక కానుగ చెట్టు ఉంది. ఇక్కడివాళ్లు హొంగె మర అంటారు. చలికాలం పోయేటప్పుడు ఆకు రాల్చి, శివరాత్రి దాటాక లేత ఆకు వేసుకుని నిగనిగలాడుతుంది. ఆ ఆకును చూసే నేను వెండి రెమ్మలు చేయడం మొదలుపెట్టాను. ఒక కాడ, దానికి ఎదురెదురుగా రెండు జతల ఆకులు, కొసన మిగతా నాలుగింటికన్నా పెద్దది ఒకటి. గొలుసుకు వేలాడదీసే లాకెట్టుకు ఆ ఐదాకులు చాలు. రంపంతో ఆకు కోయడం, ఈనె గీయడం ఓపిక ఉన్నవాళ్లకు నెల రోజుల్లో పట్టుబడతాయి. అందరూ ఆగిపోయేది ఆ ఐదింటినీ కాడకు అతికించే దగ్గర. ఆకు కరిగిపోతుంది, లేదంటే అతుకు పట్టదు, లేదంటే పట్టినట్టే ఉండి మెడలో వేసుకున్న నాలుగో రోజు ఊడొస్తుంది. నాకు ఈ మూడూ అయ్యాయి. ఇక్కడ రాస్తున్నది ఆ అతుకు గురించే, అంటే ముక్కల మధ్య మాటు అనే లోహాన్ని కరిగించి కలపడం గురించే.

తెనాలిలో మా పెదనాన్న కంసాలి పని చేసేవారు. మాటు వేసేటప్పుడు గది తలుపు ఓరగా వేసి, కిటికీకి గోనెపట్టా కట్టేవారు. బంగారం పని కదా, ఎవరి కంటా పడకూడదని అలా చేస్తారేమో అనుకునేదాన్ని. దీపం ఒత్తి ఎగదోయడం నా పని. ఆయన ఊదుగొట్టంతో మంటను వంచి వస్తువు మీదికి పంపుతూ, ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు ఒకటే మాట అనేవారు. "మాటు నువ్వు పెట్టిన చోటికి పోదమ్మా. వేడి ఎక్కడుంటే అక్కడికి పోతుంది." ఆడపిల్లకు ఈ పని నేర్పాలన్న ఆలోచన అప్పట్లో ఎవరికీ లేదు, నాకూ లేదు. పెళ్లయి బెంగళూరు వచ్చి, ముప్పై ఐదో ఏట టెర్రస్ మీది గదిలో బల్ల వేసుకున్నాక, ఆయన దగ్గర నుంచి నాకు మిగిలిన చదువు ఆ ఒక్క మాటే అని తెలిసింది.

మాటు అనేది మా ఇంటి మాట. టంకం అన్నా, సోల్డర్ అన్నా అదే.

బోర్డుల సోల్డరింగ్ వేరు, ఇది వేరు

శనివారాలు నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చేవాళ్లలో సగం మంది సాఫ్ట్‌వేర్, ఎలక్ట్రానిక్స్ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు. ఒక తమ్ముడు మొదటి రోజే ఎస్పీ రోడ్డులో కొన్న సోల్డరింగ్ ఐరన్, తీగచుట్ట పట్టుకొచ్చాడు. "అక్కా, నాకు ఇది వచ్చు, కాలేజీలో బోర్డుల మీద బాగా చేసేవాణ్ణి" అన్నాడు. ఆ చుట్టను ముందు సంచిలో పెట్టి జిప్పు వేసెయ్యమన్నాను. బోర్డులకు వాడే మామూలు టంకం తగరం, సీసం కలిపింది. 63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం ఉన్నది 183 డిగ్రీలకే కరుగుతుంది. దానితో వెండి ఆకు అతికితే పైపైన అంటుకుంటుంది, లాగితే వస్తుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. సీసం రవ్వంత వెండికి అంటుకుని ఉండగా ఆ వెండిని ఎర్రగా కాలిస్తే, సీసం లోపలికి తినుకుంటూ పోయి గుంటలు, చిల్లులు చేస్తుంది. అందుకే సీసం తగిలిన ఆకురాయిని (అరగదీసే ఫైలును), పట్టకారును వెండి బల్ల మీదికి రానివ్వకూడదు.

నగలకు వాడే మాటులో ఎక్కువ పాలు వెండే. కరిగే వేడి తగ్గించడానికి రాగి, జింకు కలుపుతారు. మన పాత కంసాలులు వెండిలో ఇత్తడి కలిపి కరిగించి మాటు రేకు తీసేవారు. ఇత్తడిలో ఉన్నది రాగి, జింకే కదా. ఇప్పుడు హార్డ్, మీడియం, ఈజీ అని మూడు రకాలుగా దొరుకుతుంది. హార్డ్ సుమారు 750 నుంచి 790 డిగ్రీల మధ్య పారుతుంది, మీడియం 720 నుంచి 750 మధ్య, ఈజీ అంతకన్నా తక్కువలో. చేసేవాళ్లను బట్టి ఇరవై ముప్పై డిగ్రీలు అటూ ఇటూ అవుతుంది.

ఇప్పుడు వెండి సంగతి. అచ్చ వెండి 962 డిగ్రీలకు కరుగుతుంది. మనం వాడే 925 వెండిలో వెయ్యికి 75 పాళ్లు రాగి ఉంటుంది కాబట్టి అది 800 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలుపెట్టి, 890 దాటాక పూర్తిగా నీరవుతుంది. హార్డ్ మాటు పారే వేడికీ, ఆకు అంచు కరగడం మొదలయ్యే వేడికీ మధ్య కొన్ని పదుల డిగ్రీలే ఉన్నాయన్నమాట. మన పనంతా ఆ కొంచెం సందులోనే జరగాలి.

కొనేటప్పుడు ఒకటి తప్పకుండా అడగండి. కాడ్మియం లేని మాటు కావాలని గట్టిగా చెప్పండి. కాడ్మియం 767 డిగ్రీలకే ఆవిరైపోతుంది. అంటే మనం మాటు వేసే వేడికే అది పొగై ముక్కులోకి వస్తుంది. ఊపిరితిత్తులకు, కిడ్నీలకు అది చాలా చెడ్డది. మొదట్లో ఒక దుకాణంలో నాకు ఏమీ రాసిలేని రేకు కాగితంలో చుట్టి ఇచ్చారు. అడిగితే "అందరూ ఇదే వాడతారమ్మా" అన్నారు. దాన్ని కరిగించిన సాయంత్రం పసుపు రంగు పొగ లేచింది, రెండు రోజులు గొంతు మండింది. ఆ రేకులో ఏముందో నేను పరీక్ష చేయించలేదు, తీసుకెళ్లి ఇచ్చేశాను. అప్పటి నుంచి దేనితో చేశారో పైన రాసి ఉన్న మాటే కొంటున్నాను. ఏ మాటైనా సరే, కిటికీ తీసి, పొగను మొహానికి దూరంగా లాగే ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టుకుని చేయండి.

బల్ల మీద ఉండాల్సినవి

మిగతా సామాను అవెన్యూ రోడ్డు, నగరత్‌పేట సందుల్లో దొరుకుతుంది. కంసాలి బొగ్గు దిమ్మ ఒకటి, వెలిగారం (బోరాక్స్), సన్న మొనల పట్టకారు, సన్న ఆకురాళ్లు, ఇనుప బైండింగ్ తీగ. బొగ్గు దిమ్మ మంచిది చూసి తీసుకోండి. అది వేడిని వెనక్కి కొడుతుంది, చుట్టూ ఉన్న ఆక్సిజన్‌ను తాను తినేసి వెండి నల్లబడకుండా కాపాడుతుంది. కొన్న రోజే చుట్టూ ఇనుప తీగ బిగించి కట్టండి, లేకపోతే నాలుగు సార్లు కాలాక పగుళ్లిస్తుంది. మంటకు బ్యూటేన్ గ్యాసు పోసుకునే చిన్న చేతి టార్చి చాలు. ఐదాకుల రెమ్మ అంతా కలిపి నాలుగు సెంటీమీటర్లే కాబట్టి బొగ్గు మీద ఆ మంటకు సులువుగా కాలుతుంది.

చున్నీ తీసి పక్కన పెట్టండి, జుట్టు ముడి వేసుకోండి, నూలు బట్టలు కట్టుకోండి. బల్ల కింద ఒక బకెట్ నీళ్లు ఉండాలి.

సందు ఉంటే మాటు పట్టదు

కొత్తవాళ్లు మాటును సిమెంటు అనుకుంటారు. గోడలో సందు ఉంటే సిమెంటు కూరి మూస్తాం కదా, అలాగే ఇదీ నింపుతుందనుకుంటారు. మాటుకు ఆ గుణం లేదు. రెండు లోహాలు ఒకదాన్నొకటి తాకుతూ ఉంటే, వాటి మధ్య వెంట్రుక పట్టనంత ఇరుకులోకి అది దానంతటదే పీల్చుకుపోతుంది, దీపం ఒత్తి నూనెను పీల్చినట్టు. సందు పెద్దదైతే ఏదో ఒక పక్కకు చేరి కూర్చుంటుంది.

రెమ్మకు నేను చేసే పద్ధతి ఇది. ఆకులకు అర మిల్లీమీటరు మందం రేకు, కాడకు మిల్లీమీటరున్నర తీగ. ఆకు కోసేటప్పుడే తొడిమ దగ్గర రెండు మిల్లీమీటర్ల చిన్న తోక వదిలేస్తాను. కాడ మీద ఆ తోక కూర్చునే చోట సన్న గుండ్ర ఆకురాయితో ఒక గాడి తీస్తాను. గాడి లోతు తీగ మందంలో మూడో వంతు, అంతకు మించితే కాడ అక్కడ బలహీనమవుతుంది. కానుగ ఆకు తొడిమ కాడలోంచి నిటారుగా రాదు, కొసవైపు కొంచెం వాలి ఉంటుంది. గాడి కూడా ఆ వాలులోనే తీయాలి. చెట్టు నుంచి ఒక రెమ్మ తెంపుకొచ్చి పక్కన పెట్టుకుంటే ఆ వాలు తేలిగ్గా కుదురుతుంది.

తోకను గాడిలో పెట్టి, పట్టకారుతో నొక్కి పట్టుకుని, కిటికీకి ఎదురుగా కంటి దగ్గరకు తెచ్చి చూడండి. వెలుగు గీతలా కనిపించిందంటే ఇంకా అరగదీయాలి. ఇక్కడ పావుగంట ఎక్కువ పడితే పట్టనివ్వండి. నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో అతుకులు ఊడినవాళ్లందరూ ఈ పావుగంట దగ్గర తొందరపడ్డవాళ్లే.

ఇంకో సంగతి. ఆకులను ముందే వంచి అందంగా తీర్చి, తర్వాత అతకాలని అందరికీ ఉంటుంది. అలా చేయొద్దు. చదునుగా ఉండగానే అతకండి. చదునైన ముక్కలు బొగ్గు మీద కదలకుండా కూర్చుంటాయి, తాకాల్సిన చోట తాకుతాయి. మంటలో కాలిన వెండి ఎలాగూ మెత్తబడుతుంది, అతికాక వేళ్లతోనే వంచుకోవచ్చు.

అతకబోయే చోట 400 నంబరు గరుకు కాగితంతో రుద్ది, కుంకుడు రసంతో కడిగి ఆరబెట్టండి. ఆ తర్వాత అక్కడ వేలు పెట్టకండి. వేలి జిడ్డు ఉన్న చోట మాటు నడవదు.

వెలిగారం

వెలిగారం రెండు పనులు చేస్తుంది. లోహం మీద గాలి తగలకుండా పొరలా కప్పుతుంది, వేడికి పుట్టిన తుప్పును తనలో కలిపేసుకుంటుంది. పెదనాన్న వెలిగారం గడ్డను సానరాయి మీద రెండు నీటి చుక్కలు వేసి గంధం తీసినట్టు తీసేవారు. నేను ఇప్పటికీ అలాగే తీస్తాను. పల్చటి పాలలా ఉండాలి. పెరుగులా చిక్కగా ఉంటే మంట తగలగానే పొంగి, మాటు పలుకులను, అంటే మాటు రేకు నుంచి కత్తిరించి అతుకు దగ్గర పెట్టే చిన్న ముక్కలను, ఎత్తి అవతల పారేస్తుంది. పొంగడానికి కారణం వెలిగారంలో ఉండే నీరు. అది ఆవిరై బయటికి వస్తుంది. అందుకే మొదటి నిమిషం మంటను దూరం నుంచి ఊపుతూ, తడి ఆరనివ్వాలి. పొంగు అణిగాక, అప్పుడు పలుకులు పెట్టినా ఆలస్యమేమీ కాదు. నేను అలాగే పెడతాను.

925 వెండికి ఇంకో జాగ్రత్త కావాలి. అందులోని రాగి వేడికి గాలితో కలిసి, వెండి పొర లోపల ఊదా మరక వేస్తుంది. పాలిష్ చేసినకొద్దీ బయటపడుతుంది, ఎంత రుద్దినా పోదు. దానికి మందు బోరిక్ యాసిడ్ పౌడరు. మందుల షాపులో దొరుకుతుంది. దాన్ని స్పిరిట్‌లో కలిపి, రెమ్మ మొత్తాన్ని ముంచి తీసి, స్పిరిట్ సీసా మూత బిగించి దూరంగా పెట్టాక, రెమ్మకు నిప్పు చూపించాలి. పచ్చటి మంటతో స్పిరిట్ కాలిపోయి తెల్లటి పొడి పొర మిగులుతుంది. ఆ పొరే కవచం. సీసాను దూరం పెట్టడం మాత్రం మర్చిపోవద్దు, స్పిరిట్ ఆవిరికి నిప్పు ఇట్టే అంటుకుంటుంది.

మాటు పలుకులు ఎంత ఉండాలి అని అడుగుతారు. ఒక్కో ఆకు తోకకు నువ్వుగింజలో సగం. అంతే. ఎక్కువైతే అతుకు గట్టిపడదు, గాడి నిండి పొంగి, కాడకూ ఆకుకూ మధ్య ఉన్న ఆ అందమైన మడత పూడిపోతుంది. తర్వాత అరగదీయడానికి ఆకురాయి కూడా దూరని చోటది.

మంట

ఒక వేసవి సాయంత్రం. అప్పటికి రెండు నెలలుగా ట్యూబ్‌లైటు కింద పని చేస్తున్నాను. వరసగా నాలుగు రెమ్మలకు ఆకు అంచులు కరిగి ముడుచుకుపోయాయి. ఐదోది బొగ్గు మీద పెట్టి మంట వేస్తుండగా కరెంటు పోయింది. చీకట్లో ఒక్క క్షణం చేయి ఆగింది, కానీ టార్చి అలాగే ఉంచాను. అప్పుడు కనిపించింది. ఆకు కొసలు గులాబీ రంగు దాటి ఎర్రబడుతున్నాయి. కాడ మాత్రం ఇంకా నల్లగా, ఏ రంగూ లేకుండా పడుకుని ఉంది. ఇన్నాళ్లూ నేను మంటను పలుకుల మీదే పట్టుకుంటున్నాను. పలుకులు ఉన్నది ఆకు తోక మీద. పల్చటి ఆకు చటుక్కున వేడెక్కుతోంది, మందం ఉన్న కాడ వెనకబడుతోంది. మాటు కరిగి వేడి ఉన్న ఆకు వైపుకే పరుగెత్తుతోంది, కాడను పట్టడం లేదు. పట్టలేదని నేను ఇంకా మంట పెంచుతున్నాను, ఆకు పోతోంది. ట్యూబ్‌లైటు వెలుగులో ఆ రంగులేవీ నా కంటికి ఆనలేదు.

తెనాలిలో గోనెపట్టా ఎందుకు కట్టేవారో నాకు ఆ సాయంత్రం అర్థమైంది.

కాబట్టి గదిలో వెలుగు తగ్గించుకోండి. టెర్రస్ మీద ఎండలో అసలు చేయొద్దు, మంటే కనిపించదు. ఫ్యాను గాలి మంట మీద పడకూడదు.

వెండి వేడిని మిగతా లోహాలన్నిటికన్నా వేగంగా పాకిస్తుంది. రాగిని కూడా మించిపోతుంది. అతుకు ఉన్న చోట ఒక్కటే కాల్చుదామంటే కుదరదు, అక్కడ పోసిన వేడి వెంటనే చుట్టూ పారిపోతుంది. రెమ్మ మొత్తం కాలాలి. కాడ అడుగు నుంచి మొదలుపెట్టి, కాడ వెంబడే కొస దాకా, మళ్లీ వెనక్కి. మంటను ఒక చోట నిలపకండి, ముగ్గు వేసే చేయిలా కదులుతూ ఉండాలి. మెత్తటి నీలి మంట కావాలి. మంట లోపల ఇంకో చిన్న నీలి మొన ఉంటుంది చూడండి, దాని కొసకు కాస్త ముందున్న చోట వేడి అన్నిటికన్నా ఎక్కువ. ఆ చోటు కాడకు తగలాలి. ఆకుల మీదికి మంట అంచు మాత్రమే పోవాలి, అదీ అప్పుడప్పుడు.

కన్ను వెలిగారం మీద ఉండాలి. ముందు తెల్లగా పొంగుతుంది. తర్వాత అణిగి జిగటగా అవుతుంది. చివరకు గాజులా తేరుకుని మెరుస్తుంది. గాజులా మెరిసిందంటే మాటు కరగడానికి ఎంతో దూరం లేదు. అప్పటికి కాడ మసక ఎరుపులో ఉంటుంది. ఇప్పుడు మంటను ఇంకాస్త దగ్గరికి తెచ్చి, కాడ వెంట గాడులు ఉన్న చోట అటూ ఇటూ ఆడించండి. పలుకు అంచులు మొదట గుండ్రబడతాయి. ఒక్క క్షణం ముత్యంలా నిలబడుతుంది. ఆ వెంటనే కూలిపోయినట్టు చదునై, గాడి పొడవునా పాదరసంలాంటి వెండి గీత ఒకటి మెరుపులా పాకుతుంది. దాన్ని ఒక్కసారి చూస్తే మళ్లీ మర్చిపోరు. ఆ గీత ఆకు తోక చుట్టూ తిరిగి అవతలి పక్క కూడా కనిపించగానే మంట తీసేయండి. ఇంకో రెండు క్షణాలు ఉంచుదాం, బాగా పట్టాలి అని మనసు లాగుతుంది. వద్దు.

మాటు గీత ఆకు మీదికి ఎక్కిందంటే ఆకు ఎక్కువ వేడెక్కిందని. కాడ మీదే చేరిందంటే కాడ ఎక్కువ కాలిందని. ఏ పక్కకు పోయిందో చూస్తే మీ చేయి ఎటు మొగ్గిందో తెలిసిపోతుంది. కరిగి ఉండగా దాన్ని వెనక్కి రప్పించడానికి కూడా ఇదే దారి. మంటను ఇవతలి పక్కకు తిప్పితే అది మంట వెంట వస్తుంది. సన్నటి ఆకు మరీ తొందరపడుతుంటే, ఆకు మీద మందమైన పట్టకారు ఒకటి పట్టి ఉంచండి. ఆకులోని వేడిని అది కొంత లాక్కుంటుంది.

పలుకు పారకుండా ఉండలా చుట్టుకుని అలాగే కూర్చుంటే ఇంకా మంట పెట్టకండి. వెలిగారం కాలి అయిపోయి ఉంటుంది, లేదంటే అక్కడ జిడ్డో తుప్పో ఉంది. మొండిగా కాలిస్తే మాటులోని జింకు పోయి అది ఇంకా గట్టి పదార్థం అవుతుంది, కరగాలంటే ఇంకా వేడి కావాలి, పైగా గుంటలు పడుతుంది. ఆపేసి, చల్లారనిచ్చి, కడిగి, కొత్త వెలిగారంతో మళ్లీ మొదలుపెట్టడమే.

ఏది ముందు, ఏది వెనక

కానుగ ఆకుల మీద చిన్న చిన్న బుడిపెలు ఉంటాయి, గమనించారా? కంటికి ఆనని నల్లి జాతి పురుగులు చేరడం వల్ల వస్తాయవి. చాలామంది మచ్చలేని ఆకు చేయాలనుకుంటారు. నాకు ఆ బుడిపెలు లేకపోతే అది కానుగ అనిపించదు. కొస ఆకు మీద మూడు నాలుగు వెండి రవలు పెడతాను. సన్న తీగను అర మిల్లీమీటరు ముక్కలుగా కత్తిరించి బొగ్గు మీద మంట చూపిస్తే ఒక్కొక్కటీ దానంతటది గుండ్రటి రవ అవుతుంది.

వీటికి పలుకులు పనికిరావు, రవకన్నా పలుకే పెద్దదవుతుంది. హార్డ్ మాటు రేకును సన్న ఆకురాయితో రాకి పొడి చేసి, ఆ పొడిలో వెలిగారం కలిపి, తడి చేసిన కుంచె కొసతో రవ అడుగున తాకిస్తాను. ఇది ఆకులను కాడకు అతకక ముందే చేయాలి. ఎందుకంటే ఎక్కువ వేడి కావాల్సిన పని ఎప్పుడూ ముందు రావాలి. రవలకు హార్డ్, ఆకులకు మీడియం, చివరగా గొలుసు దూరే వలయానికి ఈజీ. అలా చేస్తే తర్వాతి మంటకు ముందటి అతుకు కరగదు.

చెయ్యి కుదిరాక ఐదాకులనూ ఒకేసారి బొగ్గు మీద పరిచి ఒకే మంటలో అతికించొచ్చు. నేను అలాగే చేస్తాను, వెండి ఎంత తక్కువసార్లు కాలితే అంత మంచిది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మాత్రం కొస ఆకు ఒక మంటలో, తర్వాత ఒక్కో జతకు ఒక్కో మంట అనుకోండి. అప్పటికే అయిన అతుకుల మీద ఎర్రమట్టిని నీళ్లలో కలిపి పూసి ఆరబెట్టండి. మట్టి ఉన్న చోటికి మాటు పారదు. సుద్ద పూసినా పనిచేస్తుంది. కొత్త అతుకు పట్టాల్సిన చోటికి ఆ మట్టి పాకకుండా చూసుకోవాలి.

రెమ్మకు కాయ కూడా చేర్చాలనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. రెండు డొప్పలు కలిపి బోలు కాయ చేస్తే, దానికి ఎక్కడో ఒక చోట సూది మొనంత రంధ్రం ఉండాల్సిందే. లేకపోతే లోపల చిక్కుకున్న గాలి, తడి వేడికి ఉబ్బి కాయ పేలుతుంది. రాళ్లు, ముత్యాలు పొదగాలంటే మంట పనంతా అయ్యాకే.

మంట తర్వాత

ఎరుపు పూర్తిగా పోయేదాకా ఆగి, అప్పుడు నీళ్లలో వేయండి. ఇనుప తీగ కట్టి ఉంటే ముందు విప్పేయాలి. ఇప్పుడు రెమ్మ చూస్తే దిగులేస్తుంది. నల్లగా, వెలిగారం గాజు పెంకులు కట్టి, ఏదో కాలిపోయిన పుల్లలా ఉంటుంది. కంగారు పడకండి. గోరువెచ్చకన్నా కాస్త వేడిగా ఉన్న గ్లాసుడు నీళ్లలో పెద్ద చెంచాడు నిమ్మ ఉప్పు వేసి, పింగాణీ గిన్నెలో పావుగంట నానబెట్టండి. చింతపండు నీళ్లూ, పటిక నీళ్లూ మన పాతవాళ్లు వాడినవే, అవీ పనిచేస్తాయి, కొంచెం ఆలస్యమవుతుంది. ఆ గిన్నెలో ఇనుప పట్టకారు పెట్టకూడదు. ఇనుము తగిలితే నీళ్లలో కరిగి ఉన్న రాగి వచ్చి వెండి మీద ఎర్రటి పొరలా కూర్చుంటుంది. నేను చెక్క చెంచా వాడతాను.

బయటికి తీసినప్పుడు రెమ్మ సుద్దలా తెల్లగా ఉంటుంది. కుంకుడు రసంలో ముంచిన ఇత్తడి బ్రష్‌తో మెల్లగా రుద్దితే మెరుపు తేలుతుంది. మా వీధిలో బోరు నీళ్లు, ఆరితే తెల్ల మచ్చలు పడతాయి కాబట్టి ఆఖరి కడుగు తాగే నీళ్లతో. ఈనెలు నల్లగా కనపడాలంటే ఉడికించిన కోడిగుడ్డు చిదిమి, రెమ్మతో పాటు డబ్బాలో పెట్టి మూత వేయండి. గుడ్డులోని గంధకానికి వెండి నల్లబడుతుంది. తర్వాత పైపైన రుద్దితే నలుపు గీతల్లోనే మిగులుతుంది.

ఆకులను వంచడానికి ముందు అతుకులు పరీక్ష చేయండి. కాడను రెండు వేళ్లతో పట్టుకుని, ఒక్కో ఆకు కొసను గోటితో మీటండి. తోక దగ్గర భూతద్దం పెట్టి చూడండి. మాటు గీత తొడిమ చుట్టూ తెగకుండా ఉండాలి. ఒక పక్కే ఉండి రెండో పక్క సన్నటి నల్లగీత కనిపిస్తే, ఇప్పుడు గట్టిగా ఉన్నా వంచేటప్పుడు అక్కడే విడిపోతుంది. ఆ ఒక్క అతుకు మళ్లీ శుభ్రం చేసి, మిగతా నాలుగింటికీ ఎర్రమట్టి పూసి, పావు నువ్వుగింజంత మాటు పెట్టి, కాడ అడుగు నుంచి మంట మొదలుపెట్టండి.